రేవును బట్టి మోటారు

నల్లమల కింద, కంభం చెరువులో చిన్న పడవ వేసుకుని తిరగాలనుకునేవాళ్లు మోటారు షాపుకు వెళ్లే ముందు చెరువు అడుగున ఒకసారి నడవాలి

పడవ వెనక మోటారు కనబడితే చాలు, గట్టు మీద చేరినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: “ఎన్ని హెచ్‌పీ అన్నా ఇది?” బైకు కొన్నవాణ్ని మైలేజీ అడిగినట్టు, పడవవాణ్ని హెచ్‌పీ అడగడం మర్యాద కింద జమ. అడగాల్సింది మాత్రం అది కాదు. “యాడ దింపుతావు?” అని అడగాలి. పడవను నీళ్లలోకి దింపే చోటు తేలితే, అది ఎంత బరువుండొచ్చో తేలుతుంది. పడవ సంగతి తేలితే దానికి ఏ మోటారు సరిపోతుందో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, అర్ధవీడు ప్రాంతంలో ఈ వరసను తిరగేస్తే డబ్బు దండగ, పైగా నడుం నొప్పి.

ఈ సీమలో పడవ మాటేమిటని నవ్వేవాళ్లుంటారు. పశ్చిమ ప్రకాశం అనగానే గుర్తొచ్చేది ఎండిన బోర్లు, ట్యాంకర్ కోసం బారులు తీరిన బిందెలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుంచి ఇటు మారాయి. జిల్లా మారింది, వానలు మారలేదు. అయినా అర్ధవీడు నుంచి కంభం వెళ్లే దారిలో ఒక పక్కకు చూస్తే రెండు కొండల నడుమ నీళ్లు కనిపిస్తాయి. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను ఆపి కట్టిన కంభం చెరువు అది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. పాత గెజిటీర్లు కట్ట ఎత్తును 57 అడుగులుగా, చెరువులోకి నీళ్లు చేరే ప్రాంతాన్ని 430 చదరపు మైళ్లుగా, ఆయకట్టును పది వేల ఎకరాలకు పైగా రాశాయి. నిండితే సుమారు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల సంస్థ దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రం నుంచి పోరుమామిళ్ల చెరువు, కేసీ కాలువ కూడా ఆ జాబితాలో చేరాయి.

పన్నెండడుగుల పడవకు ఇంత నీరు చాలు. ఒక పూటంతా తిరగొచ్చు, అన్నం మూట విప్పుకుని గట్టున తినొచ్చు, పొద్దువాలే లోపు తిరిగి రావొచ్చు. చిన్న పడవలో ఎంత దూరం పోవచ్చో చూపించిన ఇంగ్లండ్ మనిషి ఫ్రాంక్ డై 1963లో పదహారడుగుల తెరచాప పడవ మీద ఐస్‌లాండ్ చేరాడు. మనకు అంత దూరం వద్దు. కట్ట నుంచి ఎగువ కొస దాకా వెళ్లి రావడం చాలు.

అడుగున నడిచినవాడికే చెరువు తెలుసు

కంభం చెరువు ఒక చోట నిలిచి ఉండేది కాదు. తుపాను వానలకు నిండుతుంది, పంటలకు వదిలేకొద్దీ తగ్గుతుంది, ఎండాకాలానికి ఎగువ అంచు ఎక్కడికో జరిగిపోతుంది. కరువు ఏళ్లలో అడుగే బయటపడుతుంది. అందుకని ఇక్కడ ఫలానా చోటు రేవు అని పటం మీద చుక్క పెట్టడం కుదరదు. నీటిమట్టాన్ని బట్టి రేవు మారుతుంది. నవంబరులో బండి పక్కనే నీళ్లుంటాయి. మార్చిలో అదే బండి దగ్గర నుంచి నీళ్ల దాకా బురదలో మోసుకెళ్లాలి.

మేలో, నీళ్లు బాగా తగ్గినప్పుడు, పొద్దున్నే అడుగున నడవడం కన్నా మంచి సర్వే లేదు. ఎండిన ఒండ్రు పెచ్చులుగా లేచి ఉంటుంది. కాలి కింద ఎక్కడ పగిలి గట్టిపడిందో, ఎక్కడ పైన పొర మాత్రమే ఆరి లోపల ఇంకా మెత్తగా ఉందో అప్పుడే తెలుస్తుంది. నీళ్లు లేని ఏళ్లలో లేచిన తుమ్మ, సర్కారు తుమ్మ మొద్దులు ఎక్కడున్నాయో కనబడతాయి. నీళ్లొచ్చాక ఆ మొద్దులు అరడుగు లోతున కూర్చుని మోటారు ఫ్యాను కోసం ఎదురుచూస్తుంటాయి. పాత గట్లు, గుంతలు, ముళ్లపొదలు ఫోనులో లొకేషన్ పెట్టి దాచుకోవాలి. నడిచేటప్పుడు రాయిని కూడా చూడాలి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. మార్కాపురం పలకలు పుట్టింది ఈ జాతి రాయిలోంచే. పొరలు పొరలుగా చీలే ఈ రాయి అంచు కొన్ని చోట్ల కత్తిలా ఉంటుంది.

ఈ రెండు కారణాలతో, ముల్లు ఒకటి, రాయి ఒకటి, గాలి నింపే రబ్బరు పడవను నేను ఇక్కడికి సిఫారసు చేయను. మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చని, తేలికని ఆశపెడతాయి. అలలకు తట్టుకుంటాయి కూడా. సర్కారు తుమ్మ ముల్లుకు తట్టుకోవు. ఫైబర్ పడవో, సన్నటి అల్యూమినియం పడవో మేలు. పది నుంచి పన్నెండు అడుగులు, ఇద్దరు మనుషులు రెండు పక్కలా పట్టుకుని లేపగలిగేంత బరువు. పుట్టికి మోటారు బిగిద్దామనే ఉత్సాహవంతులు కూడా తగులుతుంటారు. గుండ్రటి అడుగుకు ముందూ వెనకా లేవు. మోటారు తోసిన కొద్దీ అది తన చుట్టూ తాను తిరగడానికే చూస్తుంది. పుట్టికి తెడ్డే సరి.

గొడ్లు దిగే చోటు

కట్ట వైపు నుంచి దింపడం అందరికీ తోచే మొదటి ఆలోచన. రోడ్డు ఉంది, లోతు ఉంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ కట్ట లోపలి వాలు రాతికట్టు. తడిసిన రాళ్ల మీద పడవతో దిగడం కాలు విరగ్గొట్టుకునే పని. అంతకన్నా ముఖ్యం, తూములు. నీళ్లు వదిలినప్పుడు తూము దగ్గర పైకి ఏమీ కనిపించదు, లోపల లాగుడు ఉంటుంది. చెరువు నిండి అలుగు పారే రోజుల్లో ఆ వైపు పడవ తిప్పడమే తప్పు. కట్టకూ తూములకూ అలుగుకూ బాగా ఎడంగా ఉండాలన్నది మొదటి నియమం. ఐదు వందల ఏళ్ల నాటి కట్ట మీద లంగరు కోసం రాయి పెకలించడం, మేకు కొట్టడం లాంటి వేషాలు చెప్పనక్కర్లేదు.

మంచి రేవును వెతికే పని మనకంటే ముందే గొడ్లు చేసిపెట్టాయి. ఎనుములు రోజూ నీళ్లకు దిగే దారిని చూడండి. వాలు నిదానంగా ఉంటుంది. నేల గట్టిగా ఉంటుంది. మెత్తటి చోట కాళ్లు దిగబడతాయని వాటికి తెలుసు, ఆ వైపు పోవు. ఏళ్ల తరబడి గిట్టల కింద ఒండ్రు అణిగి గట్టిపడి ఉంటుంది. పాత బండ్లబాటలూ అంతే. చాకిరేవు ఉన్న చోట బండలు ఉంటాయి, నీళ్ల దాకా దారి ఉంటుంది. అయితే అక్కడ పని చేసుకునేవాళ్లకు అడ్డం పోకుండా పక్కనుంచి దింపుకోవాలి. ఇంజినీర్లు కట్టే పడవ ర్యాంపులు సుమారు ఏడడుగులకు ఒక అడుగు వాలుతో ఉంటాయి. గొడ్లబాట కొలిచి చూస్తే ఆ లెక్కకు పెద్ద తేడా రాదు.

చెరువులో చేపల హక్కు మత్స్యకార సంఘాలది. వలలు రాత్రి వేసి పొద్దున తీస్తారు, కొన్ని పగలూ ఉంటాయి. నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ సీసా, థర్మాకోల్ ముక్క చెత్త అనుకునేరు. దాని కింద వల ఉంది. ఫ్యానుకు నైలాన్ వల చుట్టుకుంటే ఒకరి పూట కూడు పోతుంది, మన ఇరుసు సీలు కూడా పోతుంది. “పెద్దాయనా, వలలు యాడేసినారు?” అని గట్టు మీద ఒక్క మాట అడిగి దిగితే, వలల సంగతితో పాటు ఈ ఏడు ఎక్కడ లోతుందో, ఏ మూల మొద్దులున్నాయో కూడా చెప్తారు.

హెచ్‌పీ లెక్క

రేవు ఇదని తేలింది. ఇక బరువు. బండి దగ్గర నుంచి నీళ్ల దాకా బురదలో మోటారు భుజాన వేసుకుని నడవాలి. పిక్కల లోతు దిగబడే చోట పదమూడు కిలోలకూ ఇరవై ఆరు కిలోలకూ తేడా ఏమిటో కేటలాగు చెప్పదు. రెండున్నర హెచ్‌పీ మోటార్లు సాధారణంగా పదమూడు, పద్నాలుగు కిలోలుంటాయి. నాలుగు నుంచి ఆరు హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ మోటార్లు పాతిక కిలోల పైమాటే. పది హెచ్‌పీ దగ్గరికొస్తే నలభై అటూ ఇటూ. నలభై కిలోల ఇనుమును పడవ వెనక పలకకు వేలాడదీసి, దాని పక్కన డెబ్భై కిలోల మనిషి కూర్చుంటే పన్నెండడుగుల పడవ ముక్కు ఆకాశం చూస్తుంది.

మోటారును పడవ వెనక తగిలించే ఆలోచనను సరుకుగా మార్చి అమ్మి గెలిచినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడ్డ మెకానిక్. ప్రేయసి కోసం సరస్సు అవతలి నుంచి ఐస్‌క్రీం తేవడానికి తెడ్లు వేసి వేసి, అది కరిగిపోతే విసిగి మోటారు చేశాడని కథ. కథ సంగతెలా ఉన్నా 1909లో అతను మార్కెట్లోకి తెచ్చిన మోటారు శక్తి ఒకటిన్నర హెచ్‌పీ, బరువు ఇరవై ఎనిమిది కిలోలు. ఆ ఒకటిన్నర హెచ్‌పీతోనే జనం వెర్రెత్తిపోయారు. (ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.) ఇవాళ దానిలో సగం బరువుకు ఎక్కువ శక్తి వస్తోంది. చిన్నది తీసుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఎంత శక్తి కావాలన్నది పడవ పొడవు చెప్తుంది. నీళ్లను తోసుకుంటూ పోయే పడవ తన అలను తానే పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరిగి, పడవంత పొడవైనప్పుడు పడవ తన అల గుంతలోనే కూర్చుండిపోతుంది. ఆ తర్వాత ఎంత శక్తి పోసినా వేగం పెద్దగా పెరగదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజినీరు విలియం ఫ్రూడ్ నమూనా పడవలను నీళ్ల తొట్టిలో లాగి ఈ సంబంధం తేల్చాడు. దాని నుంచి వచ్చిన మోటు లెక్క ఇది: నీటి మట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. పన్నెండడుగులకు దాదాపు 4.6 నాట్లు, అంటే గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. రెండు నుంచి మూడు హెచ్‌పీ చాలు ఆ వేగానికి. అంతకన్నా వేగంగా పోవాలంటే పడవను తన అల మీదికి ఎక్కించి నీళ్ల మీద జారేలా చేయాలి. దానికి ఇద్దరు మనుషులతో ఎనిమిది, పది హెచ్‌పీ కావాలి. మధ్యలో ఉన్న ఐదు హెచ్‌పీ చాలాసార్లు ఎటూ కాదు. జారడానికి చాలదు, మొయ్యడానికి ఎక్కువ. అది పనికొచ్చేది ఎదురుగాలిలో, బరువు ఎక్కువున్న పద్నాలుగడుగుల పడవకు.

ఇరుసు పొడవు చూడకుండా మోటారు కొనకూడదు. చిన్నది పదిహేను అంగుళాలు, పెద్దది ఇరవై. ఫ్యాను పైన ఒక అడ్డ పలక ఉంటుంది. అది పడవ అడుగు కన్నా అంగుళం కిందికి ఉండాలి. పొట్టి ఇరుసు ఎత్తు పడవకు తగిలిస్తే ఫ్యాను గాలి పీల్చి ఇంజన్ ఊరికే అరుస్తుంది. పొడుగు ఇరుసు లోతు తక్కువ పడవకు తగిలిస్తే బురద దున్నుతుంది. కంభం లాంటి మెట్ట చెరువుకు పొట్టి ఇరుసు, దానికి తగ్గ పడవ.

చల్లదనం సంగతి కూడా ఇక్కడ ముఖ్యమే. మామూలు మోటారు చెరువు నీళ్లనే పీల్చి ఒళ్లు చల్లబరచుకుంటుంది. లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఆ నీళ్లను పైకి తోస్తుంది. పక్కన సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఒండ్రు, నాచు పీల్చి ఆ ధార ఆగితే వెంటనే ఇంజన్ ఆపాలి. గట్టు మీద నీళ్లు లేకుండా “ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం” అంటే ఆ రబ్బరు చక్రం కాలిపోతుంది. గాలితోనే చల్లబడే చిన్న మోటార్లూ ఉన్నాయి. హోండా వాళ్ల 2.3 హెచ్‌పీ ఆ రకం. చప్పుడు ఎక్కువ, కానీ బురద నీటి భయం లేదు. నా ఓటు దానికి, లేదా అలాంటిదానికి.

ఒకే ఒక్క పోటీదారు ఉంది, తీరంలో మత్స్యకారులు వాడే పొడవాటి ఇరుసు ఇంజన్. ఇంజన్ పడవలో పైన, ఫ్యాను చాలా దూరాన సన్నటి గొట్టం చివర. నాచులోంచి లాగేస్తుంది, మొద్దు తగిలితే పైకి లేస్తుంది. దాని ఇంజన్ మన పవర్ వీడర్‌కూ, నీళ్లు తోడే పంపుకూ ఉండే జాతిదే కాబట్టి మండల కేంద్రంలోని మెకానిక్ విప్పి బిగించగలడు. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు విప్పాలంటే కోస్తాకు పోవాలి. చెరువు మీద నిశ్శబ్దంగా తిరగాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. పని కావాలనుకునేవాళ్లు దీన్ని చిన్నచూపు చూడకూడదు.

బ్యాటరీ మోటారు? చప్పుడు లేదు, పొగ లేదు, శీతకాలం పక్షులు లేవవు. జర్మనీలో స్టార్న్‌బర్గ్ సరస్సు మీద ఇంజన్ పడవలకు పరిమితి ఉండటం వల్లే అక్కడ 2005లో టార్కీడో అనే బ్యాటరీ మోటార్ల కంపెనీ పుట్టింది. కానీ లెక్క వేసుకోండి. పన్నెండు వోల్టుల, వంద ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీ ముప్పై కిలోల దగ్గరుంటుంది. దాన్ని సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. యాభై ఆంపియర్లు లాగే చిన్న మోటారును పూర్తిగా తిప్పితే గంటలో అయిపోతుంది. లిథియం బ్యాటరీ అదే కొలతలో సగం కన్నా తక్కువ బరువు, దాదాపు పూర్తిగా వాడొచ్చు, ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది. కట్ట కనబడేంత దూరంలో తిరిగేవాళ్లకు బాగుంటుంది. ఎదురుగాలి లేచిన మధ్యాహ్నం చెరువు అవతల ఉన్నవాళ్లకు బాగుండదు.

తెగాల్సిన పిన్ను

చిన్న మోటార్లు చాలావాటిలో ఫ్యాను ఇరుసుకు అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. షియర్ పిన్ను. అగ్గిపుల్ల కన్నా కాస్త లావు, మెత్తటి లోహం. ఫ్యాను మొద్దుకు తగిలితే తెగడమే దాని ఉద్యోగం. అది తెగి గేర్లను కాపాడుతుంది. తెగిన గుర్తు ఏమిటంటే ఇంజన్ గొంతు ఒక్కసారిగా లేస్తుంది, పడవ మాత్రం కదలదు. అప్పుడు ఇంజన్ ఆపి, మణికట్టుకు కట్టుకున్న, లాగితే ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ తాడు పీకేసి, మోటారును పైకి వంచాలి. ఫ్యాను మూతి దగ్గరున్న కాటర్ పిన్ను కొసలను పటకారుతో నిటారు చేసి లాగాలి. టోపీ ఊడుతుంది, ఫ్యాను బయటికి వస్తుంది, లోపల రెండు మూడు ముక్కలైన పిన్ను కనిపిస్తుంది. ముక్కల్ని మేకు మొనతో తోసేసి కొత్తది పెట్టి, ఫ్యాను తొడిగి, కొత్త కాటర్ పిన్ను దూర్చి కొసలు మళ్లీ వంచాలి. ఇదంతా వెనక పలక మీదికి వంగి, నీళ్ల మీద చేతులు చాచి చేసే పని. జారిందంటే చెరువుపాలే. మోటారు కింద ఒక తువ్వాలు కట్టి పని చేసేవాళ్లున్నారు, తెలివైన పద్ధతి. పిన్ను లేదని ఇనుప మేకు కోసి పెట్టడం మాత్రం తెలివి కాదు. తర్వాతి మొద్దుకు మేకు తెగదు, గేరు పళ్లు రాలతాయి.

రెండో జబ్బు పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. చిన్న అవుట్‌బోర్డ్‌ల మాన్యువల్స్ సాధారణంగా పది శాతానికి మించి ఒప్పుకోవు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. డబ్బాలో నెలల తరబడి ఉంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. కార్బురేటర్‌లో సూది మొనంత రంధ్రాలు జిగటపట్టి మూసుకుపోతాయి. రోజూ తిరిగే బైకుకు ఈ బాధ తెలియదు. నెలకోసారి తీసే మోటారుకు తెలుస్తుంది. మందు సులువు: తిరిగి రాగానే పెట్రోలు కాక్ మూసి ఇంజన్‌ను దానంతట అది ఆగేదాకా తిప్పాలి, డబ్బాలో మిగిలింది బైకులో పోసేయాలి. ఫోర్‌స్ట్రోక్ మేలనడానికి ఇదొక చిన్న కారణం కూడా, ఆయిల్ కలపని పెట్రోలు కాబట్టి బైకుకు పనికొస్తుంది. అసలు కారణం వేరే ఉంది. పాత తరహా టూస్ట్రోక్ మోటారు పోసిన పెట్రోలు, ఆయిల్‌లో గణనీయమైన వంతును కాల్చకుండానే నీళ్లలోకి వదిలేస్తుంది. గొడ్లు తాగే, పైర్లకు పారే నీళ్లలో ఆ పని చేయకూడదు.

కోస్తాలో సెకండ్‌హ్యాండ్ మోటారు చవకగా దొరికితే ఉప్పు సంగతి చూడాలి. గేర్ ఆయిల్ స్క్రూ విప్పినప్పుడు పాలలా తెల్లగా కారితే లోపలికి నీళ్లు చేరినట్టు. అది బేరం కాదు.

సముద్రం, కృష్ణ, రాబోయే సాగరం

రేవే మోటారును నిర్ణయిస్తుందన్న మాటకు పెద్ద రుజువు మన తీరంలోనే ఉంది. కొత్తపట్నం లాంటి చోట్ల హార్బరు లేదు. అలలు విరిగే ఇసుక మీద నుంచే పడవ దిగాలి, అక్కడికే ఎక్కాలి. నీళ్ల కింద ఫ్యాను వేలాడుతుంటే ఇసుకకు తగిలి విరుగుతుంది. 1980ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నడిపిన బంగాళాఖాత కార్యక్రమం ఇంజినీర్లు తూర్పు తీరం కోసం ఫ్యాను పైకి లేచే డీజిల్ ఇంజన్‌తో ఒడ్డుకు ఎక్కే పడవలు రూపొందించారు. ఒడ్డును చూసి మోటారు గీశారు. చెరువు కోసం కొన్న రెండున్నర హెచ్‌పీ వేసుకుని ఆ అలల్లోకి దిగకూడదని వేరే చెప్పాలా?

తీరంలో చిన్న పడవకు తగిన నెమ్మది నీళ్లు ఒకప్పుడు బకింగ్‌హాం కాలువవి. పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడులో మరక్కాణం దాకా పోయే ఆ జలమార్గం ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం ఉంది. అక్కడ 2022లో ఒక గేటు, 2023 డిసెంబరు తుపాను తర్వాత ఇంకొకటి కొట్టుకుపోయాయి. కంభం చెరువు వదిలిన నదే అది, కొండల నుంచి సముద్రం దాకా పడవ వేసుకుని దిగొచ్చేంత నీళ్లు మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులుండవు.

దోర్నాల మీదుగా శ్రీశైలం పోతే కృష్ణ. అక్కడి నీళ్లు వేరు. నిండు మట్టం 885 అడుగులు. వేసవికి చాలా అడుగులు కిందికి పోతుంది, పాతాళగంగ మెట్లు దిగినవాళ్లకు ఆ తేడా మోకాళ్లలో తెలుసు. రెండు పక్కలా నిటారు కొండ, గాలి లేస్తే పడవ ఆపుకోవడానికి ఒడ్డు దొరకదు. పైగా చుట్టూ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలో అతి పెద్దది. సొంత పడవ వేసుకుని పోయి రాత్రి ఒడ్డున మకాం వేద్దామంటే అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. పర్యాటక శాఖ లాంచీలో అక్కమహాదేవి గుహల దాకా వెళ్లి రావడమే మర్యాద.

ఇక వెలిగొండ. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు నుంచి కొండ కింద 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను ఆనకట్టలతో మూశారు. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమలసాగర్ పూర్తిగా నిండితే 53.85 టీఎంసీలు. కంభం చెరువు దాని ముందు చిన్నబోతుంది. అప్పుడే అక్కడ బోటింగ్, రిసార్టుల మాటలు మొదలయ్యాయి. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ముంపు ఊళ్లవాళ్లకు ఇళ్లూ పరిహారమూ పూర్తిగా తేలకముందు వాళ్ల చావిళ్ల మీద పడవ షికారు గురించి మాట్లాడటం నాకు రుచించదు. పడవవాడిగా మాత్రం ఒకటి చెప్తాను. కొత్తగా మునిగిన నేల మొదటి కొన్నేళ్లు ప్రమాదం. చెట్ల మోళ్లు, ఇంటి గోడలు, కరెంటు స్తంభాలు నీళ్ల కింద ఎక్కడ ఉంటాయో ఎవరికీ తెలియదు.

జాకెట్టు, కాగితం

2017 నవంబరు 12, కార్తీక మాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ఆ పడవకు అనుమతి లేదు, జనం ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పోయినవాళ్లు నలభై మంది పైచిలుకు. మన జిల్లాలో పడవ గురించి రాస్తూ ఈ తేదీలు దాటవేయలేం. అవి పెద్ద పడవలు, మనది చిన్నది అనుకోవద్దు. మునగడానికి ఆరడుగుల నీళ్లు చాలు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునేది కాదు, ఒడ్డు మీదే తొడుక్కుని బకిల్స్ బిగించుకునేది. కిల్ స్విచ్ తాడు చేతికి ఉండాలి. నీళ్లలో పడ్డ మనిషి చుట్టూ మనిషి లేని మోటారు పడవ గిరగిరా తిరగడం కన్నా భయంకరమైనది లేదు. తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి. మోటారును పలకకు బిగించాక ఒక తాడుతో పడవకు కట్టాలి, బిగింపు మరలు కుదుపులకు వదులవుతాయి.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 దేశీయ జలనౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ఉండాలి. బ్యాటరీ అయినా యంత్రమే. చెరువు జలవనరుల శాఖది, చేపలు సంఘానివి. ముందు ఇద్దరితోనూ మాట్లాడి, కాగితం మీద అనుమతి తీసుకుని దిగితే గట్టు మీద వాదన ఉండదు.

కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు కూడా పొద్దున్నే. ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది. లోతు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న చెరువులో అలలు చిన్నవైనా నిటారుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. పన్నెండడుగుల పడవను అవి బాగా తడుపుతాయి. అందుకని గాలికి ఎదురుగా వెళ్లే ప్రయాణం ముందు, గాలివాటున వచ్చేది వెనక. పెట్రోలు మూడు వంతులు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అనుకోనిదానికి ఒకటి. రెండున్నర హెచ్‌పీ గంటకు లీటరు లోపే తాగుతుంది కాబట్టి అటూ ఇటూ పన్నెండు కిలోమీటర్లకు మూడు లీటర్లు ధారాళం. మోటారు మీదుండే ట్యాంకులో ఒక లీటరే పడుతుంది. కాబట్టి దారిలో ఎక్కడో మళ్లీ పోయాలి. ఊగే పడవలో, వేడి ఇంజన్ మీద వద్దు. ఒడ్డు పట్టి, ఇంజన్ చల్లారేదాకా ఆగి, గరాటా పెట్టి పోసుకోండి. బీడీ అలవాటున్నవాడు పడవలో ఉంటే ముందు అతణ్ని దింపి, నాలుగు బారల దూరం పంపించండి.